తొమ్మిదో మెట్టు

మార్చి 3

ప్రియమైన అన్నయ్యకు,

నీ మోకాళ్ళ నొప్పి కొంచెం నయమని వదిన ఫోనులో చెప్పింది. ఈ సంగతి కూడా ఫోనులోనే చెప్పవచ్చు. కానీ నువ్వు ఫోనులో సగం విని, మిగతా సగం నువ్వే చెప్పేస్తావు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు.

మన ‘తొమ్మిదో మెట్టు’ దొరికింది. ప్రింటు కాదు, అసలు నెగటివ్. మూతపడ్డ ఒక ల్యాబ్ గోదామును ఖాళీ చేస్తున్నవాళ్ళు పంపిన సరుకులో మా ఫిల్ము భాండాగారానికి వచ్చింది. బొమ్మ డబ్బాలు పన్నెండు, శబ్దం డబ్బాలు ఎనిమిది. ఇరవై డబ్బాలూ నేనే తెరిచాను, ఒక్కటి కూడా మరొకరి చేతికి ఇవ్వలేదు. మూడింటిలో ఫిల్ము చెడుతున్న పుల్లటి వాసన మొదలైంది గానీ ఇంకా సమయం మించిపోలేదు.

కొత్తగా చేరిన సహోద్యోగులకు కథ చెప్పవలసి వచ్చింది. భర్త ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నం పూట ఇంట్లో ఒంటరిగా ఉండే కొత్త కోడలికి రోజూ తొమ్మిదో మెట్టు కిర్రుమనడం వినిపిస్తుంది. ఎవరో మేడ ఎక్కుతారు. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. దిగిన చప్పుడు మాత్రం ఏనాడూ వినిపించదు. అందరూ ఆమెది భ్రమ అంటారు, అందరికంటే ప్రేమగా ఆ మాట అనేది ఆమె ఆడపడుచు. అక్కడ ఆపి, “ఎవరై ఉంటారు?” అని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత కూడా చెప్పలేకపోయారంటే, అన్నయ్యా, అది నువ్వు తీసిన సినిమాలన్నింటిలోకీ గొప్పది. ఈ మాట అప్పుడూ చెప్పాను.

కానీ అసలు ముగింపు చెప్పాక వాళ్ళు అడిగారు: “మరి విడుదలైన దాంట్లో అది లేదేం?” నిజమే కదా. విడుదలైన దాంట్లో డాక్టరు వచ్చి ఆ పిల్లకు పిచ్చి అని తేల్చి తీసుకుపోతాడు. సినిమా ఆరు రోజులు ఆడింది. మన అసలు ముగింపు, ఆ ఏడు నిమిషాలూ, ఎలా పోయిందో మనం ఇన్నాళ్ళూ ఒకే విధంగా చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు దాన్ని కాగితం మీద పెట్టాలి. వేరే సాక్ష్యం లేనప్పుడు, ఏది అసలు ముగింపో, తీసేసిన భాగం ఏమైందో దర్శకుడు స్వహస్తాలతో రాసి సంతకం చేస్తేనే మా కమిటీ పునరుద్ధరణకు ఒప్పుకుంటుంది. లేకపోతే డాక్టరు ముగింపునే శుభ్రం చేసి భద్రపరుస్తారు, ఆ పిల్ల ఎప్పటికీ పిచ్చిదిగానే మిగిలిపోతుంది. ఏప్రిల్ ఇరవై గడువు. మే రెండున ప్రదర్శన.

కనుక తీరిగ్గా గుర్తు చేసుకుని రాయి. డాక్టరు సన్నివేశం ఎప్పుడు, ఎవరు తీయమంటే తీశావు? నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నేను ఎడిటింగు చేసే కూర్పు గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మరొకటి, శబ్దం డబ్బాలలో ఒకదాని మీద ‘మెట్ల చప్పుళ్ళు’ అని రాసి ఉంది. అందులో ఏముంచామో నీకేమైనా గుర్తుందా? జాబితాలో రాయాలి.

వదినకు నా నమస్కారాలు.

నీ చెల్లెలు,
కత్తెర

మార్చి 9

ప్రియమైన కత్తెరమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదిన, “ఏమిటి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు, చెల్లెలు తిట్టిందా?” అంది. పొగిడిందన్నాను. “అయితే ఇంకా భయపడాలి” అంది. ఈ ఇంట్లో నా పరిస్థితి అది. రోజుకు పదకొండు మాత్రలు, అవన్నీ వేళ ప్రకారం పొట్లాలు కట్టి పెట్టుకుంటున్నాను. నాన్న ముడే వేస్తున్నాను, ఒక్క లాగుకు ఊడిపోయేది. మీ వదిన నలభై ఏళ్ళుగా నేర్చుకుంటోంది, రాదు. దర్జీ ఇంట్లో పుట్టినవాళ్ళకే వస్తుందది, నీకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ రాదని చెప్పి ఆమెను ఉడికిస్తుంటాను.

సినిమా దొరకడం సంతోషమే. కానీ అమ్మలూ, దాన్ని నిద్రపోనివ్వకూడదూ? ఆరు రోజులు ఆడిన సినిమా. ఆ తర్వాత మనం చేసిన మూడూ హాలు నిండా జనంతో ఆడాయి, నువ్వే కూర్చావు. వాటిని భద్రపరచమని అడగరాదా? నిజం చెబితే ఇప్పుడు ఆలోచిస్తే ఆ డాక్టరు ముగింపు కూడా మరీ తీసిపారేసేది కాదు. జనానికి అర్థమవుతుంది. నీ ముగింపులో జనం మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

అడిగావు గనక రాస్తున్నాను. డాక్టరు సన్నివేశం నిర్మాత తీయమన్నాడు. నువ్వు టైఫాయిడ్‌తో పడి ఉన్న పదిహేడు రోజుల్లోనే జరిగింది. నేను కాదన్నాను, అరిచాను, చివరికి ఒక పూటలో తీసి మొహాన కొట్టాను, దాన్ని వాడుకోడులే అనుకుని. తాళంచెవి సంగతి నీకు తెలియనిదా? నువ్వే మన శబ్దగ్రాహకుడు చెవులబ్బాయి చేతికిచ్చి నాకు అందజేయమన్నావు. నాకది అందలేదు. శబ్దం రికార్డు చేసుకోవలసినవాడు బొమ్మ రీలు పట్టుకెళ్ళి నిర్మాతకు అప్పగించి వచ్చాడు. ఇదంతా ఆ రోజు ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని చెప్పాను. నిన్ను పెళ్ళి చేసుకోబోయే మనిషి గురించి ఆ మాట చెప్పడం నాకేమైనా సరదానా? ఏడు నిమిషాలూ తగలబెట్టేశారని తర్వాత తెలిసింది. లేనిదాని కోసం వెతక్కు.

మోకాళ్ళ నొప్పి ఎక్కడికీ పోలేదు. మీ వదిన అబద్ధం చెప్పింది.

నీ అన్నయ్య

మార్చి 15

ప్రియమైన అన్నయ్యకు,

ఉత్తరం అందింది. వివరంగా రాశావు, సంతోషం. ‘మెట్ల చప్పుళ్ళు’ డబ్బా సంగతి మాత్రం మరిచిపోయినట్టున్నావు. తొందరేమీ లేదు, గుర్తొచ్చినప్పుడు రాయి.

ఇక్కడ పని నెమ్మదిగా సాగుతోంది. పన్నెండో రీలును నాలుగు రోజులుగా బల్ల మీద పెట్టుకుని దీపపు వెలుగులో చూస్తున్నాను. అసలు ముగింపు తీసేసి, డాక్టరు సన్నివేశం అతికించిన చోటు అందులోనే ఉంది. ఆ అతుకు గురించి నీకు చెప్పాలి.

నెగటివ్ కోసేవాళ్ళెవరైనా ఒక షాటు ముగిసి మరొకటి మొదలయ్యే చోటే కోస్తారు. అక్కడ ఉన్న పాత అతుకునే ఊడదీస్తారు. ఇక్కడ అలా జరగలేదు. ఉంచిన షాటు చివర రెండు ఫ్రేములు లేవు. వాటిని కూడా తీసేసిన ముక్కతోపాటే కోసేశారు. మూడు రోజులు నాకు అర్థం కాలేదు. పనిలో చెయ్యి తిరగనివాళ్ళ పొరపాటనుకున్నాను. కానీ కోత సూటిగా ఉంది, చెయ్యి వణకలేదు. నాలుగో రోజు నాన్న గుర్తొచ్చాడు. గుర్తుందా, కొలత మీద కత్తెర పెట్టబోతే చేతి మీద చిన్నగా కొట్టి, “కుట్టుకు వదలవే. రేపు విప్పి మళ్ళీ కుట్టాలంటే పట్టు ఎక్కణ్ణించి వస్తుంది?” అనేవాడు. తీసేసిన ఆ ముక్కకు ఎవరో కుట్టుకు వదిలారు. మళ్ళీ అతికించే రోజు వస్తుందని ఆశ ఉన్నవాళ్ళు మాత్రమే అలా వదులుతారు. నిర్మాత ఆఫీసులో అంతటి ఆశ గలవాళ్ళెవరో నాకు తట్టడం లేదు. నీకు తడితే రాయి.

ఇంకొక విషయం. శబ్దం మనిషి ఆచూకీ దొరికింది. సినిమాల్లో ఆ తర్వాత ఎవరూ పని ఇవ్వకపోతే, రైల్వేలో చేరి స్టేషన్ల ప్రకటనలు రికార్డు చేసేవాడట. రిటైరై, ఇక్కడికి మూడు గంటల దూరంలో ఉంటున్నాడు. ఆ రోజుల్లో నాకు రెండు ఉత్తరాలు రాశాడు, రెండింటినీ విప్పకుండానే తిప్పి పంపాను. పునరుద్ధరణ నివేదికకు ఆయన మాట కూడా తీసుకోవాలని మా పద్ధతి. రాయమంటావా? నువ్వు చెప్పేదాకా రాయను. పదిరోజులు చూస్తాను.

మాత్రలు వేళకు వేసుకో.

నీ చెల్లెలు,
కత్తెర

ఏప్రిల్ 4

ప్రియమైన చెల్లెలికి,

ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదని రాస్తే మీ వదిన పక్కనే ఉండి, “బాగానే ఉన్నారు, మూడు వారాలుగా కిటికీ దగ్గర కూర్చుని ఈ ఉత్తరం రాసి చింపుతున్నారు” అని రాయమంటోంది. రాశాను, చూసుకో.

ఆ మనిషికి ఎందుకమ్మా రాయడం? ముప్పై నాలుగేళ్ళ కిందటి పుండు. ఆయన ఇప్పుడు ఏదైనా చెబుతాడు. వయసు మీద పడ్డాక తనకు అనుకూలంగానే గుర్తుంటుంది ఎవరికైనా. నువ్వు ఆ రోజు గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది నేను మరిచిపోలేదు. మళ్ళీ ఏడవడం చూడలేను.

నీ కమిటీకి కావలసిన కాగితం ఇందులో పెట్టాను. సంతకం చేశాను. అసలు ముగింపు ఆడపడుచుదేనని ఒప్పుకున్నాను, అదైతే నీకోసమే. అది శబ్దగ్రాహకుడి వల్ల మాయమై నాశనమైందని స్పష్టంగా రాశాను. ప్రదర్శన రోజు పంచే పుస్తకంలో ఇదే అచ్చువేయించు. డాక్టరు ముగింపు చూపించి, తర్వాత తెర మీద నాలుగు మాటల్లో ‘అసలు ముగింపు ఇది’ అని రాస్తే సరిపోతుంది. అందరికీ మర్యాదగా ఉంటుంది.

అతుకుల గురించి నువ్వు రాసింది నాకు అంతగా అర్థం కాలేదు. నేను దర్శకుణ్ణి, అవన్నీ నీ పని. మే రెండుకు వస్తాను. మెట్లు లేని హాలైతే మంచిది.

నీ అన్నయ్య

ఏప్రిల్ 9

అన్నయ్యకు,

నీ కాగితం అందింది. దానిని కమిటీకి ఇవ్వలేదు. ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను.

నా మొదటి ఉత్తరం మళ్ళీ ఒకసారి తీసి చూడు. ఇరవై డబ్బాలూ నేనే తెరిచానని రాశాను. నీకు ఆ ఉత్తరం రాయడానికి నాలుగు రోజుల ముందే ‘మెట్ల చప్పుళ్ళు’ డబ్బా మూత తీశాను. లోపల మాగ్నెటిక్ టేపు కింద, పళ్ళెమంత నెగటివ్ చుట్ట ఉంది. తెల్లటి పోగు దారంతో కట్టి ఉంది. ఫిల్ముకు దారం కట్టేవాళ్ళను ఈ వృత్తిలో నేను చూడలేదు, అంచు కోసుకుపోతుందని భయం. ముడి కొసను పట్టుకుని లాగాను. ఒక్క లాగుకు ఊడిపోయింది.

ఆ ముడి నేను వెయ్యలేదు. వేసిన రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను. తర్వాత నువ్వే రాశావు, అది నీకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ రాదని.

కత్తిరించిన ముక్కను పారెయ్యకూడదని, చుట్టి, ముడివేసి అదే గుడ్డ మడతలో పెట్టాలని నాన్న చెప్పినట్టే చేశావు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ పూటంతా బల్ల దగ్గరే కూర్చున్నాను. ఎక్కడ దాచావన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత మూడు సినిమాలకు పక్క గదిలోనే పని చేశాను. ఎన్ని డబ్బాలు తీశాను, ఎన్ని సర్దాను. శబ్దగ్రాహకుడి చేతిరాత ఉన్న ఆ ఒక్క డబ్బాను మాత్రం నేను ఎప్పటికీ ముట్టుకోనని నీకు తెలుసు. అతని మీద నాకు కలిగించిన అసహ్యాన్నే తాళంగా వాడుకున్నావు.

నిన్ను నేరుగా అడిగి ఉండవచ్చు. అడగలేదు. ప్రతి ఉత్తరంలో నీకు కొంచెం కుట్టుకు వదిలాను. డబ్బా గురించి రెండుసార్లు ఎత్తాను. అడిగిన ప్రతిదానికీ జవాబు రాశావు, దాని దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండుసార్లూ దాటేశావు. అప్పుడు మన సినిమా అర్థమైంది నాకు. ఆ కోడలికి దిగిన చప్పుడు ఎందుకు వినిపించదు? ఎక్కేటప్పుడు కావాలనే తొమ్మిదో మెట్టు తొక్కిన ఆడపడుచు, దిగేటప్పుడు దాన్ని దాటేస్తుంది కనుక. ఏ మెట్టు కిర్రుమంటుందో ఆ ఇంట్లో పుట్టిపెరిగిన మనిషికి చీకట్లోనైనా తెలుసు. పరాయివాళ్ళకు దాటడం చేతకాదు. నువ్వూ ఏ మాట మీద కాలు వేయకూడదో తెలిసినవాడిలా రాశావు.

నువ్వు చెప్పేదాకా రాయనన్నాను, పదిరోజులు చూస్తానన్నాను. చూశాను. నీ నుంచి కబురు లేదు. రాయలేదు గానీ, మార్చి చివరలో శబ్దం మనిషి ఇంటికి నేనే వెళ్ళాను.

తలుపు తీసి, “ఎవరండీ?” అన్నాడు. చెప్పాను. “లోపలికి రండి, ఆ గడప ఎత్తుగా ఉంటుంది, చూసుకోండి” అన్నాడు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత ‘అండీ’ అన్నాడు. తప్పు నాదే గనక సరిదిద్దమనలేదు.

“తాళంచెవి మా అన్నయ్యకే ఇచ్చానని మీరు ఆసుపత్రికి వచ్చి చెప్పారు. మా అన్నయ్య అబద్ధం చెప్పడన్నాను” అన్నాను.

“గుర్తుంది. గోడతో అన్నారు. నాకు వినిపించింది.”

“కోపం రాలేదా?”

“వచ్చింది. మీ మీద కంటే ఎక్కువ వరస మీద. ఆయన మాట ముందొచ్చింది, నా మాట వెనకొచ్చింది. చప్పుళ్ళతోనూ అంతే. ముందు విన్నదే నిజమనిపిస్తుంది, తర్వాతది దాని ప్రతిధ్వని అనుకుంటారు.”

నీ పేరు ఎత్తి ఒక్క నిందా చెయ్యలేదు. “ఎందుకు తీసేశాడో మీకు చెప్పాడా?” అని మాత్రం అడిగాడు. నాకు తెలియదన్నాను. “నాకు తెలుసు. డాక్టరు ముగింపు పెడితేనే తర్వాతి మూడు సినిమాలూ ఇస్తానన్నాడు నిర్మాత. మీ అన్నయ్య తాళంచెవి తీసుకుంటూ, ‘మా చెల్లికి తెలిస్తే నా మొహం చూడదు’ అన్నాడు. నేను చెబుతానేమోనని భయపడ్డట్టున్నాడు, నాకంటే ముందు వచ్చాడు” అన్నాడు. ఆ మూడు సినిమాలూ నా చేతులతోనే కూర్చాను, అన్నయ్యా. ప్రతి అతుకూ గుర్తుంది నాకు.

చుట్ట దొరికిన సంగతి చెప్పి వచ్చేస్తుంటే వాకిట్లో ఆపి అడిగాడు: “చుట్ట పాడవలేదు కదా? చివరి చప్పుడు ఉందా?”

ఉందని చెప్పాను. అదే డబ్బాలో, మాగ్నెటిక్ టేపు మీద, స్పష్టంగా ఉంది. నీకు గుర్తు లేకపోవచ్చు, గనక రాస్తున్నాను. అంతా బయటపడ్డాక కోడలు మెట్ల కింద కూర్చుని ఉంటుంది. ఆడపడుచు పైనుంచి దిగుతుంది. పదో మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, ఈసారి దాటకుండా, తొమ్మిదో మెట్టు మీద కాలు పెడుతుంది. సినిమా మొత్తానికి దిగిన చప్పుడు అదొక్కటే. దాంతో తెర చీకటవుతుంది. ఆమె ఒక్క మాట మాట్లాడదు, క్షమించమనదు. కానీ ఆ పిల్లకు పిచ్చి లేదని ఆ చప్పుడుతో తేలిపోతుంది. ఆ షాటు తీసిన రోజు నువ్వు నటిని పదకొండుసార్లు దింపావు. బరువు సరిగ్గా పడలేదని.

చుట్ట అంచు మీది అంకెలు పన్నెండో రీలు అంకెలతో వరసగా కలుస్తున్నాయి. నువ్వు వదిలిన రెండు ఫ్రేములు పట్టు ఇచ్చాయి, నిన్ననే అతికించాను. సంతకానికీ సాక్ష్యానికీ పొత్తు కుదరనప్పుడు మా కమిటీ సాక్ష్యాన్నే తీసుకుంటుంది. కనుక సినిమాకు ఇక నీ కాగితంతో పని లేదు. మే రెండున ఏడు నిమిషాలూ తెర మీద ఉంటాయి. శబ్దగ్రాహకుడి కుర్చీ నా పక్కనే.

నివేదికలో ఒక గడి మాత్రం మిగిలింది. ‘తొలగించినది ఎవరు’ అని ఉంటుంది. ఆ పేజీ ఖాళీగా ఇందులో పెట్టాను. ఇరవయ్యో తారీఖు లోపల నింపి పంపితే నీ చేతిరాతే అచ్చవుతుంది. పంపకపోతే నేను నింపుతాను. అందులో తప్పేమీ ఉండదు, పేరూ, తేదీ, కారణమూ మాత్రమే ఉంటాయి. ఒక మనిషి ముప్పై నాలుగేళ్ళుగా దొంగ అనిపించుకుంటున్నాడు, దాన్ని ఇంకో రోజు పొడిగించే అధికారం నాకు లేదు.

నీ కుర్చీ మూడో వరసలో ఉంది. హాలుకు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. క్షమించానని రాయలేను, ఇంకా ఆ పని మొదలుపెట్టలేదు. నువ్వేం చెబుతావోనని ఎదురుచూడటం కూడా మానేశాను. ఒక్కటి మాత్రం వినాలనుంది. ఈసారి దాటకుండా, ఆ మెట్టు మీద కాలు పెట్టి దిగు.

దర్జీ గారి అమ్మాయి